ప్రమాదకర రక్షణ సరుకుల చిన్న కన్‌సైన్‌మెంట్లు: రవాణాదారుల ఎంపికలో పాటించవలసిన ప్రమాణాలు

(పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం ఆధార వ్యాసం)

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలని పెద్దల మాట. రక్షణ సంస్థలకు సంబంధించిన ప్రమాదకర సరుకుల రవాణాకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. మందుగుండు సామగ్రితో నిండిన వాహన శ్రేణి కదిలినప్పుడు దానికి సాయుధ రక్షణ, ముందస్తు మార్గ నిర్ణయం, దారి పొడవునా అధికారుల అప్రమత్తత ఉంటాయి. కానీ ఒక ప్రయోగశాల నుంచి మరొక ప్రయోగశాలకు వెళ్లే మూడు పెట్టెల బ్యాటరీలు, రెండు ఆమ్లపు డబ్బాలు, ఒక చిన్న పేలుడు పరికరాల పెట్టె విషయంలో అంతటి శ్రద్ధ కనిపించదు. సరుకు పరిమాణం చిన్నది కాబట్టి ప్రమాదం కూడా చిన్నదేనన్న భావన అందుకు కారణం. ఈ భావన సరైనది కాదు.

రక్షణ ఉత్పత్తి, పరిశోధన సంస్థలకు తెలుగు రాష్ట్రాలు ప్రధాన కేంద్రాలు. హైదరాబాదులో రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు చెందిన క్షిపణి ప్రయోగశాలలు, భారత్ డైనమిక్స్ లిమిటెడ్ ఉన్నాయి. విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం, నౌకాదళ శాస్త్ర, సాంకేతిక ప్రయోగశాల ఉన్నాయి. వీటికి విడిభాగాలు, రసాయనాలు సరఫరా చేసే ప్రైవేటు సంస్థల సంఖ్య కూడా పెరుగుతున్నది. ఈ నేపథ్యంలో చిన్న కన్‌సైన్‌మెంట్లకు రవాణాదారుని ఎంపిక చేసే సందర్భంలో గమనించవలసిన అంశాలను, సంబంధిత చట్ట నిబంధనలను ఈ దిగువ వివరించడమైనది.

ప్రమాదకర సరుకుల వర్గీకరణ

ఐక్యరాజ్యసమితి సిఫార్సుల ప్రకారం ప్రమాదకర సరుకులను 9 తరగతులుగా విభజించారు. 1వ తరగతి పేలుడు పదార్థాలు. 2వ తరగతి వాయువులు. 3వ తరగతి మండే ద్రవాలు. 4వ తరగతి మండే ఘన పదార్థాలు. 5వ తరగతి ఆక్సీకరణ కారకాలు, ఆర్గానిక్ పెరాక్సైడ్లు. 6వ తరగతి విష పదార్థాలు, వ్యాధికారక పదార్థాలు. 7వ తరగతి రేడియోధార్మిక పదార్థాలు. 8వ తరగతి క్షయకారక పదార్థాలు. 9వ తరగతి ఇతర ప్రమాదకర వస్తువులు. ప్రతి పదార్థానికి నాలుగంకెల యు.ఎన్. సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు లిథియం అయాన్ బ్యాటరీలకు 3480, ఆమ్లం నింపిన బ్యాటరీలకు 2794, విమాన టర్బైన్ ఇంధనానికి 1863 కేటాయించారు.

పేలుడు పదార్థాల తరగతిలో తిరిగి 6 ఉపవిభాగాలు ఉన్నాయి. మొత్తం సరుకు ఒక్కసారిగా పేలిపోగల పదార్థాలు 1.1లోకి వస్తాయి. ప్రమాదం స్వల్పమైన వస్తువులు 1.4లోకి వస్తాయి. వీటికి తోడు ఏ పేలుడు పదార్థాన్ని దేనితో కలిపి పంపవచ్చునో తెలిపే 13 పొందిక సముదాయాలు ఉన్నాయి. పొరపాటున పేలినా ప్రభావం పెట్టె దాటి పెద్దగా రాని విధంగా ప్యాక్ చేసిన వస్తువులను 'ఎస్' సముదాయంలో చేర్చారు. చిన్న ఆయుధాల తూటాలలో చాలా భాగం 1.4 ఎస్ గానే వర్గీకరింపబడతాయి. అందువల్ల 'మందుగుండు' అన్న ఒక్క మాటతో సరుకు స్వభావం తెలియదు. దాని ఉపవిభాగం, పొందిక సముదాయం తెలిసినప్పుడే ఏ రవాణాదారు తగినవారో నిర్ణయించడం సాధ్యమవుతుంది.

చిన్న సరుకులో చిక్కు ఎక్కడ ఉన్నది

పూర్తి లారీ లోడు పంపినప్పుడు వాహనం ఒకటే, డ్రైవరు ఒకరే, బయలుదేరిన చోటు నుంచి చేరవలసిన చోటికి సరుకు నేరుగా వెళుతుంది. చిన్న సరుకు అలా వెళ్లదు. బుకింగ్ కార్యాలయం నుంచి గోదాముకు, గోదాము నుంచి పెద్ద లారీకి, మరో పట్టణంలోని గోదాముకు, అక్కడి నుంచి డెలివరీ వాహనానికి చేతులు మారుతుంది. ప్రతి చోటా హమాలీలు దానిని ఎత్తి దించుతారు. ప్రతి చోటా దాని పక్కన ఏ సరుకు చేరుతుందో పంపినవారికి తెలియదు. ఆక్సీకరణ కారకం పక్కన మండే ద్రవం, సయనైడు లవణం పక్కన ఆమ్లం చేరినా అడిగేవారు ఉండరు. సయనైడు లవణాలపై ఆమ్లం పడితే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సయనైడు వాయువు వెలువడుతుంది. కాగితాలలో 'విడిభాగాలు' అని మాత్రమే రాసి ఉంటే హమాలీలకు గానీ, డ్రైవరుకు గానీ జాగ్రత్త పడే అవకాశమే ఉండదు.

1996 మే 11న అమెరికాలో జరిగిన వాల్యుజెట్ 592 విమాన ప్రమాదం ఇందుకు ప్రపంచ ప్రసిద్ధ ఉదాహరణ. మయామి నుంచి అట్లాంటాకు బయలుదేరిన ఆ విమానం సరుకుల అరలో అయిదు అట్టపెట్టెలలో కాలం చెల్లిన రసాయన ఆక్సిజన్ జనరేటర్లు ఉన్నాయి. అవి ఖాళీవని కాగితాలలో పేర్కొన్నారు. నిజానికి అవి ఖాళీవి కావు. వాటికి అమర్చవలసిన రక్షణ మూతలు కూడా అమర్చలేదు. ప్రమాదకర సరుకులను తీసుకుపోవడానికి ఆ విమానయాన సంస్థకు అనుమతి కూడా లేదు. సరుకుల అరలో మంటలు చెలరేగి విమానంలోని 110 మందీ మరణించారు. తప్పుడు వివరణ, తగని రవాణాదారు అనే రెండు లోపాలు అయిదు అట్టపెట్టెల వద్ద కలిసిన ఫలితమిది.

మన ప్రాంతంలోనూ చేదు అనుభవాలు లేకపోలేదు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె వద్ద గనికి తెచ్చిన జిలెటిన్ స్టిక్స్‌ను వాహనం నుంచి దించుతుండగా సంభవించిన పేలుడులో పది మంది మరణించారు. అది రక్షణ సరుకు కాదు. అయినప్పటికీ పేలుడు పదార్థాల రవాణాలో ప్రయాణం ఎంత ముఖ్యమో ఎత్తుదింపులు కూడా అంతే ముఖ్యమని ఆ దుర్ఘటన తెలియజేస్తున్నది.

చట్ట నిబంధనలు

పేలుడు పదార్థాల తయారీ, నిల్వ, రవాణాలను 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనలు నియంత్రిస్తున్నాయి. వీటిని నాగపూర్ ప్రధాన కేంద్రంగా గల పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అమలు చేస్తున్నది. 1884 చట్టంలోని 14వ సెక్షన్ సాయుధ దళాలకు, వాటి సంస్థలకు కేంద్ర ప్రభుత్వ నియమాలకు లోబడి మినహాయింపు ఇస్తున్నది. అయితే ప్రమాదాల సమాచారం, విచారణలకు సంబంధించిన సెక్షన్లు వారికి కూడా వర్తిస్తాయి. రక్షణ రంగంలో పేలుడు పదార్థాల నిల్వ, రవాణాకు సంబంధించి 'స్టెక్' అనే ప్రత్యేక కమిటీ రూపొందించిన నియమావళి అమలులో ఉన్నది.

ఇక్కడ అధికారులు జాగ్రత్తగా గమనించవలసిన అంశం ఒకటున్నది. సాయుధ దళాలకు ఇచ్చిన మినహాయింపు, వారికి సరుకు సరఫరా చేసే ప్రైవేటు తయారీదారునికి గానీ, అద్దె లారీ యజమానికి గానీ దానంతటదే సంక్రమించదు. అదే విధంగా దేశ రక్షణ అవసరాలకు వినియోగించే కేంద్ర ప్రభుత్వ వాహనాలకు మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ కింద ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంటుంది. కాంట్రాక్టు లారీకి ఆ సెక్షన్ వర్తించదు. 'మిలిటరీ సరుకు' అని బోర్డు తగిలించినంత మాత్రాన తనిఖీ నుంచి మినహాయింపు లభించదు. సరుకు ఏ చట్టం కింద, ఏ అనుమతిపై కదులుతున్నదో పంపే సంస్థ లిఖితపూర్వకంగా నిర్ధారించుకొనవలసి ఉంటుంది.

రోడ్డు రవాణాకు సంబంధించి 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 129 నుంచి 137 వరకు గల నిబంధనలు ముఖ్యమైనవి. సరుకు పంపేవారి బాధ్యతలను 131వ నిబంధన, రవాణాదారు బాధ్యతలను 132వ నిబంధన, డ్రైవరు బాధ్యతలను 133వ నిబంధన నిర్దేశిస్తున్నాయి. 134వ నిబంధన ప్రకారం వాహనానికి రెండు పక్కలా, వెనుక భాగంలోనూ అత్యవసర సమాచార ఫలకం ఉండాలి. అందులో సరుకు సాంకేతిక నామం, యు.ఎన్. తరగతి సంఖ్య, తరగతి చిహ్నం, ప్రమాద సమయంలో సంప్రదించవలసిన ఫోను నంబర్లు స్పష్టంగా కనిపించాలి. రోడ్డు ద్వారా సరుకు రవాణా చట్టం, 2007 ప్రకారం సరుకు రవాణాదారులు రిజిస్ట్రేషన్ పొందవలసి ఉంటుంది. గ్యాస్ సిలిండర్లకు 2016 నాటి నిబంధనలు వర్తిస్తాయి. రేడియోధార్మిక పదార్థాలు అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలోకి వస్తాయి.

రవాణా మార్గం ఎంపిక

రవాణాదారుని ఎంపిక చేయడానికి ముందు రోడ్డు, రైలు, విమానం, ఓడలలో ఏది తగినదో నిర్ణయించాలి. రైలు ద్వారా ప్రమాదకర సరుకుల రవాణాకు రైల్వే చట్టం 67వ సెక్షన్, 'రెడ్ టారిఫ్' నియమాలు వర్తిస్తాయి. విమాన రవాణాకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సాంకేతిక సూచనలు, సముద్ర రవాణాకు అంతర్జాతీయ ప్రమాదకర సరుకుల కోడ్ ఆధారం. సరుకు తేలిక కాబట్టి విమానంలో పంపుదామనే ఆలోచన సహజమే. కానీ విడిగా ప్యాక్ చేసిన లిథియం మెటల్ బ్యాటరీలను 2015 జనవరి 1 నుంచి, లిథియం అయాన్ బ్యాటరీలను 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాలలో సరుకుగా పంపడం నిషిద్ధం. ప్రయాణికులతో నడిచే బస్సు పార్శిల్ సర్వీసులు కూడా ఇటువంటి సరుకుకు తగినవి కావు. ఆచరణలో చిన్న సరుకులకు మిగిలేది చాలావరకు రోడ్డు మార్గమే.

రవాణాదారు అర్హతలు: పరిశీలించవలసిన అంశాలు

1. రిజిస్ట్రేషన్, లైసెన్సులు: రవాణాదారు రిజిస్ట్రేషన్ పత్రం అమలులో ఉన్నదా, పేలుడు పదార్థాలైతే వాహనానికి పేలుడు పదార్థాల నిబంధనల కింద రోడ్ వ్యాన్ లైసెన్సు ఉన్నదా అనేవి మొదట చూడాలి. లైసెన్సు కంపెనీ పేరిట ఉంటే చాలదు. సరుకు ఎక్కించే వాహనానికి సంబంధించినదై ఉండాలి.

2. డ్రైవరు: కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 9వ నిబంధన ప్రకారం ప్రమాదకర సరుకుల వాహనం నడిపే డ్రైవరు ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు చదవడం, రాయడం తెలిసినవాడై, 3 రోజుల ప్రత్యేక శిక్షణ పొంది, ఆ మేరకు లైసెన్సుపై ఎండార్స్‌మెంట్ కలిగి ఉండాలి. ఇటువంటి లైసెన్సు కాలపరిమితిని 2019 సవరణ చట్టం ఏడాది నుంచి 3 సంవత్సరాలకు పెంచింది. టెండరులో చూపిన డ్రైవరే వాహనం నడుపుతున్నాడా అనేది బయలుదేరే రోజున గేటు వద్ద సరిచూడాలి.

3. వాహనం: ఫిట్‌నెస్ ధ్రువపత్రం, నిప్పురవ్వల నిరోధకం, అగ్నిమాపక సాధనాలు, ప్రథమ చికిత్స పెట్టె, సరుకుకు తగిన రక్షణ పరికరాలు ఉండాలి. ప్రమాదకర సరుకులు రవాణా చేసే ఎన్2, ఎన్3 శ్రేణుల వాహనాల కొత్త మోడళ్లకు 2022 సెప్టెంబరు 1 నుంచి, అప్పటికే ఉన్న మోడళ్లకు 2023 జనవరి 1 నుంచి వాహన స్థాన సూచిక పరికరాన్ని తప్పనిసరి చేశారు. పరికరం ఉన్నంత మాత్రాన ప్రయోజనం లేదు. దాని సంకేతాలను ఎవరు గమనిస్తున్నారనేది ముఖ్యం.

4. సరుకు చేతులు మారే పద్ధతి: చిన్న సరుకు విషయంలో ఇది అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న. సరుకు నేరుగా వెళుతుందా, దారిలో గోదాములో దించుతారా, దించితే ఆ గోదాముకు ఆ తరగతి సరుకు నిల్వ చేసే అనుమతి ఉన్నదా, రవాణాదారు మరొకరికి సబ్ కాంట్రాక్టు ఇస్తున్నారా అనే వివరాలు రాతపూర్వకంగా తీసుకోవాలి. సబ్ కాంట్రాక్టును నిషేధించడం ఉత్తమం.

5. కలిపి పంపే సరుకులు: అదే వాహనంలో ఇతరుల సరుకు ఉంటే దాని తరగతులు తెలియాలి. డిటొనేటర్లను, ప్రధాన పేలుడు పదార్థాలను వేరువేరుగా పంపాలన్నది ప్రాథమిక సూత్రం.

6. బీమా: ప్రమాదకర పదార్థాల నిర్వహణ వల్ల ప్రజలకు కలిగే నష్టానికి పరిహారం అందించే ఉద్దేశంతో 1991లో ప్రజా బాధ్యత బీమా చట్టం వచ్చింది. వాహనంలో రవాణా కూడా నిర్వహణ కిందికే వస్తుంది. పాలసీ అమలులో ఉన్నదా, ఆ తరగతి సరుకు అందులో ఉన్నదా అనేది చూడాలి.

7. పూర్వ చరిత్ర: గతంలో జరిగిన ప్రమాదాలు, లీకులు, సీళ్లు తెగిన సందర్భాలు, ఆలస్యాలు, వాటిపై రవాణాదారు తీసుకున్న చర్యలను అడగాలి. ఏ ఒక్క సంఘటనా జరగలేదని చెప్పే సంస్థ కంటె, జరిగినదానిని నమోదు చేసి సరిదిద్దుకున్న సంస్థ నమ్మదగినది.

ఒక ఉదాహరణ

హైదరాబాదులోని ఒక సంస్థ విశాఖపట్నానికి మూడు రకాల సరుకు పంపవలసి ఉన్నదనుకొందాం. ఒక పెట్టెలో 1.4 ఎస్ వర్గానికి చెందిన పవర్ కార్ట్రిడ్జిలు, రెండు పెట్టెలలో లిథియం అయాన్ బ్యాటరీలు, ఒక చెక్కపెట్టెలో ఆమ్లం నింపిన బ్యాటరీలు ఉన్నాయి. మొత్తం బరువు రెండు వందల కిలోలకు మించదు. దూరం సుమారు 620 కిలోమీటర్లు. అన్నింటినీ ఒకే పార్శిల్ సర్వీసుకు అప్పగించడం సులభం, చవక. కానీ విజయవాడ గోదాములో చెక్కపెట్టె తలకిందులైతే ఆమ్లం కారి పక్కనున్న పెట్టెలను దెబ్బతీయవచ్చు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ వేడెక్కి మండితే ఆ మంట త్వరగా ఆరదు. ఆర్పినట్లు కనిపించినా తిరిగి రాజుకునే అవకాశం ఉంటుంది. అటువంటి మంట పక్కన కార్ట్రిడ్జిల పెట్టె ఉండటం ఎవరికీ శ్రేయస్కరం కాదు.

సరైన పద్ధతి ఏమనగా, కార్ట్రిడ్జిలను లైసెన్సు గల వ్యాన్‌లో వేరుగా పంపాలి. బ్యాటరీలను దారిలో దించకుండా నేరుగా వెళ్లే చిన్న వాహనంలో, ఎండార్స్‌మెంట్ గల డ్రైవరుతో పంపాలి. ఆమ్లపు పెట్టెను నిటారుగా బిగించి, లిథియం బ్యాటరీలకు దూరంగా ఉంచాలి. ఖర్చు పెరిగే మాట వాస్తవం. అత్యవసరం కాని సరుకును వారం పది రోజులు ఆపి, అదే మార్గంలో వెళ్లే అదే తరగతి సరుకుతో కలిపి పంపితే ఆ ఖర్చు చాలావరకు తగ్గుతుంది. అయితే ఆ ఎదురుచూపు కాలంలో సరుకును అనుమతి గల నిల్వ గదిలోనే ఉంచవలసి ఉంటుంది.

ధర ఒక్కటే కొలమానం కారాదు

ప్రభుత్వ కొనుగోళ్లలో తక్కువ ధర సూచించిన వారికి పని అప్పగించడం సాధారణ పద్ధతి. కానీ ఆ పోలిక అర్హులైన వారి మధ్యనే జరగాలి. సాంకేతిక అర్హతలను ఒక కవరులో, ధరను మరొక కవరులో స్వీకరించి, మొదటి కవరులో నెగ్గినవారి ధరనే తెరిచే రెండు కవర్ల పద్ధతి ఇటువంటి సందర్భాలకు ఉపకరిస్తుంది. చిన్న సరుకుల విషయంలో ప్రతిసారీ కొటేషన్లు పిలవడం వల్ల తొందరపాటుకు ఆస్కారం కలుగుతుంది. అందుకు బదులుగా సరుకు తరగతుల వారీగా అర్హులైన రవాణాదారుల జాబితాను ముందుగానే సిద్ధం చేసుకొని, రేటు కాంట్రాక్టు కుదుర్చుకొని, జాబితాను ఏటా సమీక్షించుకోవడం మేలు. ఒక తరగతికి అర్హత పొందినవారిని మరొక తరగతికి వాడరాదు.

అమెరికా రక్షణ శాఖ ఇటువంటి సరుకులకు రక్షణ సేవలను విడివిడిగా నిర్వచించి, వాటికి వేరుగా రుసుము చెల్లిస్తున్నది. ఇద్దరు డ్రైవర్ల పర్యవేక్షణ, ఉపగ్రహ నిఘా అటువంటి సేవలలో కొన్ని. దీనివల్ల భద్రతకు అయ్యే ఖర్చు కిరాయిలో కలిసిపోకుండా స్పష్టంగా కనిపిస్తుంది. తక్కువ ధర పేరుతో దానిని ఎగవేసే అవకాశం కూడా తగ్గుతుంది.

పంపేవారి బాధ్యత

ఎంత మంచి రవాణాదారుని ఎంపిక చేసినా పంపేవారి బాధ్యత తీరిపోదు. సరుకు సరైన పేరు, యు.ఎన్. సంఖ్య, తరగతి, పరిమాణం కాగితాలలో ఉన్నవి ఉన్నట్లుగా రాయాలి. అత్యవసర సూచనల పత్రమైన 'ట్రెమ్ కార్డు'ను డ్రైవరుకు ఇచ్చి, అందులోని విషయాన్ని అతనికి అర్థమయ్యే భాషలో వివరించాలి. ఆ పత్రం క్యాబిన్‌లో అందుబాటులో ఉండాలి. వాహనం ఆగి ఉన్నప్పుడు డ్రైవరు గానీ, 18 ఏళ్లు దాటిన సమర్థుడైన మరొక వ్యక్తి గానీ దగ్గర ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. సరుకు చేరినట్లు అవతలి సంస్థ నుంచి అదే రోజు ధ్రువీకరణ తెప్పించుకోవాలి. అనుకున్న సమయానికి చేరని సరుకు గురించి ఎవరు, ఎవరికి, ఎన్ని గంటలలోగా తెలియజేయాలో ముందుగానే నిర్ణయించుకోవాలి.

పరిమిత పరిమాణాలలో పంపే కొన్ని సరుకులకు ఐక్యరాజ్యసమితి నమూనా నిబంధనలలో సడలింపులు ఉన్నాయి. కొద్దిపాటి తూటా రకాలు మినహా పేలుడు పదార్థాలకు ఈ సడలింపులు లేవు. 'కొంచెమే కదా' అన్న మాట నిబంధనల దృష్టిలో సమాధానం కాదు.

ప్రమాదం జరిగినప్పుడు

డ్రైవరు వెంటనే సమీప పోలీసు స్టేషనుకు, వాహన యజమానికి సమాచారం అందించాలని 136వ నిబంధన నిర్దేశిస్తున్నది. అత్యవసర సహాయానికి 112 నంబరును సంప్రదించవచ్చు. తొలుత చేరుకున్న అధికారి దూరం నుంచే ఫలకంపై ఉన్న సంఖ్యను, చిహ్నాన్ని గుర్తించి తెలియజేయాలి. ఉత్తర అమెరికా దేశాల అత్యవసర స్పందన మార్గదర్శిక ప్రకారం 1.1, 1.2, 1.3, 1.5 ఉపవిభాగాల పేలుడు పదార్థాల సరుకుకు మంట అంటుకుంటే 1,600 మీటర్ల మేర, 1.4, 1.6 ఉపవిభాగాలైతే 500 మీటర్ల మేర జనాన్ని ఖాళీ చేయించాలి. మంట సరుకును చేరిన తరువాత దానిని ఆర్పే ప్రయత్నం చేయకుండా అందరూ దూరంగా వెళ్లడమే శ్రేయస్కరం. 1996 నాటి రసాయన ప్రమాదాల నిబంధనల కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంక్షోభ నివారణ బృందాలు ఏర్పాటయ్యాయి. తమ జిల్లా మీదుగా తరచుగా వెళ్లే సరుకుల తరగతులు ఈ బృందాలకు తెలిసి ఉండటం అవసరం.

పాత్రికేయులకు సూచనలు

రక్షణ సరుకు కదలికల మార్గాలు, వేళలు, వాహనాల నంబర్లు ప్రచురించడం భద్రతకు భంగకరం. ప్రమాదం సంభవించినప్పుడు 'బాంబుల లారీ', 'క్షిపణి పేలుడు' వంటి ఊహాజనితమైన పదాలకు బదులు సరుకు తరగతిని అధికారుల నుంచి నిర్ధారించుకొని రాయవలసిందిగా విజ్ఞప్తి. అదే సమయంలో డ్రైవరుకు ఎండార్స్‌మెంట్ ఉన్నదా, వాహనానికి లైసెన్సు ఉన్నదా, కాగితాలలో సరుకు పేరు సరిగా రాశారా అనే ప్రశ్నలు అడగడం పత్రికల హక్కు మాత్రమే కాదు, ప్రజలకు మేలు చేసే కర్తవ్యం కూడా. ఈ వివరాలను రక్షణ రహస్యం పేరిట దాచవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

ప్రమాదకర సరుకును మోసే లారీ, ఆ పక్కన వెళ్లే స్కూలు బస్సు, దారి పక్కన టీ దుకాణం, గోదాములో మూటలెత్తే హమాలీ, అందరూ ఒకే రోడ్డుపై ఉన్నవారే. వీరిలో సరుకు స్వభావం ముందుగా తెలిసేది పంపేవారికి మాత్రమే. కనుక తగిన రవాణాదారుని ఎంపిక చేయడం కార్యాలయపు లాంఛనంగా గాక, ఆ తెలియనివారందరి తరఫున తీసుకునే నిర్ణయంగా భావించాలని సంబంధిత సంస్థలను, అధికారులను కోరడమైనది.